మంచం పట్టెల తెడ్లు

మధ్యాహ్నం అన్నం తినడానికి బడి నుంచి పరుగెత్తుకొచ్చిన కళావతి వాకిట్లోనే ఆగిపోయింది.

నాన్న గట్టయ్య పందిరి నీడలో కూర్చొని ఉన్నాడు. పక్కన నులక తాడు పెద్ద ఉండలా చుట్టి ఉంది. మంచం కోళ్లు నాలుగూ గోడ వారగా పడి ఉన్నాయి. పొడవాటి పట్టెను ఒకదాన్ని రెండు రాళ్ల మీద పెట్టి, నాన్న దాని మీద సుద్దముక్కతో గీత గీస్తున్నాడు.

కళావతి ఇంట్లోకి తొంగి చూసింది. కిటికీ పక్క మూల ఖాళీగా ఉంది.

“నాయినా! అది అన్న మంచం!”

“అవు బిడ్డా,” అన్నాడు గట్టయ్య తల ఎత్తకుండా.

“ఎందుకు ఇప్పినవ్?”

“తెడ్లు చెయ్యాలె. రాజేశ్వర్ రావు సారు పడవకు.”

“వేరే కట్టె దొరకలేదా?”

“గిది మంచి టేకు. పాతది. నీళ్లల్ల నానినా వంగది.”

అంతే చెప్పి గట్టయ్య రంపం అందుకున్నాడు. రంపం కట్టె మీద పడగానే కళావతి చెవులు మూసుకొని లోపలికి వెళ్లిపోయింది. అమ్మ సమ్మమ్మ అన్నం పెట్టింది. కళావతి రెండు ముద్దలు తిని పళ్లెం పక్కకు జరిపింది.

కళావతి అన్న పేరు సారంగం. తొమ్మిదో తరగతి చదివేవాడు. పోయిన సంవత్సరం వానాకాలంలో ధర్మసాగర్ చెరువులో ఈతకు వెళ్లి మునిగిపోయాడు. ఆ రోజు కళావతిని ఎవరూ చెరువు దగ్గరికి రానివ్వలేదు. పక్కింటివాళ్లు ఆమెను తలుపు వేసి లోపలే కూర్చోబెట్టారు. చెరువు దగ్గర ఏం జరిగిందో ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆమె కూడా అడగలేదు.

పోయినవాళ్ల మంచం ఇంట్లో ఉంచుకోకూడదని నాయనమ్మ దినాలప్పుడే చెప్పింది. ఎవరికైనా ఇచ్చెయ్యమంది. గట్టయ్య ఒప్పుకోలేదు. మంచం ఆ మూలనే ఉండిపోయింది. దాని మీద ఎవరూ పడుకోలేదు. కళావతి మాత్రం సాయంత్రం పూట పట్టె మీద కూర్చొని, కాళ్లు ఊపుతూ ఎక్కాలు చదువుకునేది. అన్న ఉన్నప్పుడు కూడా ఆమె కూర్చునే చోటు అదే. “నా మంచం మీద కూసుంటే కిరాయి కట్టాలె,” అని అన్న జడ లాగేవాడు.

పోయిన వారం సంవత్సరీకం అయింది. “ఇగనన్న ఆ మంచాన్ని ఇడ్సిపెట్టు కొడుకా,” అని నాయనమ్మ మళ్లీ అడిగింది. గట్టయ్య సైకిల్ తీసుకొని బయటికి వెళ్లిపోయాడు. ఇప్పుడేమో మంచం విప్పేశాడు.

‘నాయిన అన్నను మర్చిపోతాండు,’ అనుకుంది కళావతి.

*

రాజేశ్వర్ రావు సారు బడిలో డ్రిల్లు మాస్టరు. అంతకు ముందు నౌకాదళంలో పని చేశాడు. సముద్రం లేని ఊరికి వచ్చినా ఆయనకు పడవల మీద ఇష్టం పోలేదు. రెండు ఎండాకాలాలు బడి వెనక వసారాలో కూర్చొని, ప్లైవుడ్ ముక్కలు అతికించి, ఒక చిన్న తెరచాప పడవ తయారు చేశాడు. దాన్ని ఆయన యాట్ అంటాడు. ఆ సంవత్సరం, అంటే 1982లో, వానలు బాగా పడి చెరువు నిండింది. ఆదివారం పడవను నీళ్లలోకి దింపాలని సారు అనుకున్నాడు.

“మా తాతకు చెప్పిన, మా బడోళ్ల యాట్ ఆదివారం చెరువుల దిగుతదని,” అంది శారద ఇంటర్వెల్‌లో. “యాటనా? ఎంతమందికి కూర అయితదే, అన్నడు!”

ఆ వైపు యాట అంటే మేకో, గొర్రో. చుట్టూ ఉన్న పిల్లలందరూ పడీ పడీ నవ్వారు. కళావతి నవ్వలేదు.

శారద ఆమె పక్కన కూర్చుంది. ఇద్దరూ ఒకటో తరగతి నుంచీ ఒకే బెంచీ.

“సారు పడవల ఇద్దరు పిల్లల్ని ఎక్కించుకుంటడట. నీ పేరు, నా పేరు చెప్పిన.”

“నేను రాను.”

“ఎందుకే? తెడ్లు చేసేది మీ నాయిననే కదా. గంత భయమైతె నా చెయ్యి పట్టుకో. చెరువేమన్న నిన్ను…”

శారద మాట అక్కడ ఆగిపోయింది. నాలుక కరుచుకుంది.  తర్వాత శారద తన జామకాయలో సగం కొరికి మిగతాది ఇచ్చింది. కళావతి దాన్ని చేతిలోనే పట్టుకొని కూర్చుంది.

*

గట్టయ్యది కాజీపేటలో రైలు పట్టాల పని. ఆ నెల రాత్రి డ్యూటీ. పొద్దున సైకిల్ మీద ఇంటికి వచ్చి, కాసేపు నిద్రపోయి, మధ్యాహ్నం నుంచి తెడ్డు ముందు కూర్చునేవాడు.

సారు ఒక కాగితం మీద బొమ్మ గీసి ఇచ్చాడు. గట్టయ్య దాన్ని రాయి కింద పెట్టుకొని చూస్తూ పని చేశాడు. నాలుగు పలకల పట్టెను ముందు బాడిసెతో ఎనిమిది పలకలుగా చెక్కాడు. ఆ అంచులు కూడా తీశాడు. తర్వాత రంద పట్టి గుండ్రంగా, నున్నగా చేశాడు. నీళ్లను తోసే కొస వెడల్పుగా ఉండాలి కదా. అందుకని పాత తలుపు చెక్కలోంచి ముక్కలు కోసి, కర్రకు అటూ ఇటూ బిగించి, రాగి మేకులు కొట్టాడు. చేత్తో పట్టుకునే చోట బొబ్బలు రాకుండా సాండ్ పేపరుతో రుద్దాడు. మధ్య మధ్య తెడ్డును అరచేతి మీద ఆనించి, ఏ వైపు ఒరుగుతుందో చూసుకున్నాడు.

సన్నని పొట్టు రింగులు రింగులుగా వాకిలంతా రాలింది. నాయనమ్మ దాన్ని ఊడ్చి పొయ్యిలో వెయ్యబోతే గట్టయ్య వద్దన్నాడు. గంపకెత్తి చెట్టు మొదట్లో పోశాడు.

“బిడ్డా, జర గీ కొస పట్టుకో. కదులుతాంది,” అని పిలిచాడు.

“నాకు హోంవర్క్ ఉన్నది,” అంది కళావతి లోపలి నుంచే.

గట్టయ్య కాలితో కొసను తొక్కిపట్టి పని చేసుకున్నాడు.

శుక్రవారానికి ఒక తెడ్డు తయారైంది. అవిసె నూనె పట్టించి గోడకు ఆనించాడు. రెండో పట్టె వసారాలో పడి ఉంది. సాయంత్రం నాన్న సైకిల్ ఎక్కి డ్యూటీకి వెళ్లిపోయాక, కళావతి దాని దగ్గర నిలబడింది.

ఒకటి ఎలాగూ పోయింది. ఇదన్నా మిగలాలి.

అమ్మ పెరట్లో లేదు. నాయనమ్మ దేవుడి ముందు దీపం పెడుతోంది. కళావతి పట్టె ఒక కొస ఎత్తి, రెండో కొస నేల మీద ఈడుస్తూ ఇంటి వెనక్కి తీసుకెళ్లింది. అది ఆమెకంటే పొడవు. గడ్డివాములో చెయ్యి పెట్టి సందు చేసి, పట్టెను లోపలికి నెట్టింది. కొస కనబడకుండా గడ్డి కప్పింది. మోచేతులు గీరుకుపోయాయి.

శనివారం పొద్దున గట్టయ్య వచ్చి చూశాడు. వసారా వెతికాడు. మంచం కోళ్లు జరిపి చూశాడు. అటక మీద చూశాడు.

“బిడ్డా, పట్టె చూసినవా?”

“లేదు,” అంది కళావతి.

ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చిందో ఆమెకే ఆశ్చర్యం వేసింది.

గట్టయ్య నిద్రపోకుండా ఇంటింటికీ వెళ్లి అడిగాడు. పొయ్యి కట్టె అనుకొని ఎవరైనా తీసుకెళ్లారేమో అనుకున్నాడు. ఎండెక్కాక తిరిగి వచ్చి గడప మీద కూర్చున్నాడు. రెండు చేతులూ మోకాళ్ల మధ్య వేలాడేసి, వాకిట్లోని రాళ్లకేసి చూస్తూ చాలాసేపు ఉండిపోయాడు.

కళావతికి గడ్డివాము వైపు పోవాలనిపించింది. పోలేదు.

సాయంత్రం సారు లాంబ్రెట్టా స్కూటరు మీద వచ్చాడు.

“ఒకటే అయిందా గట్టయ్యా? ఫర్వాలేదు. పడవ నడిచేది గాలితో. తెడ్లు గాలి లేనప్పటికే కదా.”

“వద్దు సారూ. ఇంకో వారం ఆగుండ్రి. వేరే కట్టె చూస్త.”

“ఊరందరికీ చెప్పేశాను. సర్పంచ్ కొబ్బరికాయ కొడతానన్నాడు. ఒడ్డు దగ్గరే ఒక చుట్టు తిప్పి తెస్తాను. ఫికర్ చెయ్యకు.”

“సారూ, మత్తడి దుంకుతాంది. జర ఇనుండ్రి.”

చెరువు నిండితే ఎక్కువైన నీళ్లు పొర్లిపోయే రాతి కట్టను మత్తడి అంటారు. ఆ దిక్కు నీళ్లకు లాగే గుణం ఉంటుంది. సారు గట్టయ్య భుజం తట్టి, తయారైన ఆ ఒక్క తెడ్డునే తీసుకొని వెళ్లిపోయాడు.

*

ఆదివారం చెరువు గట్టంతా జనం. తెల్లటి తెరచాప పైకి లేవగానే పిల్లలు ఈలలు వేశారు. కొబ్బరికాయ కొట్టారు. శారద కొత్త పరికిణీ కట్టుకొని వచ్చి పడవ ఎక్కింది.

“రావే కళా! ఒక్క చుట్టే!”

కళావతి తల అడ్డంగా ఊపి అమ్మ వెనక నిలబడింది. ఆమె బదులు ఎవరినీ ఎక్కించుకోకుండానే సారు పడవ వదిలాడు.

తెరచాప గాలితో ఉబ్బింది. పడవ ఒక పక్కకు కొంచెం ఒరిగి, నీటిని కోసుకుంటూ పోయింది. శారద చెయ్యి ఊపింది. అందరూ చప్పట్లు కొట్టారు. గట్టయ్య ఒక్కడే చప్పట్లు కొట్టలేదు. పడవ మీద నుంచి చూపు తిప్పలేదు.

పడవ ఒక చుట్టు తిరిగింది. ఇంకో చుట్టు తిరగడానికి కొంచెం లోపలికి పోయింది. అప్పుడు గాలి ఆగింది.

తెరచాప తడిగుడ్డలా వేలాడిపడింది. మొదట ఎవరూ కంగారు పడలేదు. “ఏమాయె సారూ? ఎద్దులు కట్టమంటరా?” అని గట్టు మీద నుంచి ఎవరో అరిచారు. అందరూ నవ్వారు. సారు తెడ్డు తీసి నీళ్లు తోశాడు. పడవ ముందుకు పోలేదు. ఉన్నచోటే తిరిగింది. సారు ఇంకో పక్కకు వెళ్లి తోశాడు. పడవ ఇటు తిరిగింది. అలా తిరుగుతూ తిరుగుతూనే మత్తడి వైపు జరగసాగింది.

నవ్వులు ఆగిపోయాయి. మత్తడి దుంకే చప్పుడు అందరికీ వినబడింది. పడవలోంచి శారద ఏడుపు సన్నగా వినబడింది.

గట్టయ్య పరుగెత్తాడు. చేపలు పట్టే మొగిలయ్య పడవ ఒడ్డునే ఉంది.

“మొగిలీ! తెడ్లేవిరా?”

“ఇంట్ల ఉన్నయ్ గట్టన్నా!”

మొగిలయ్యా, మిగతా చేపలవాళ్లూ పని అయిపోగానే తెడ్లు భుజాన వేసుకొని ఇంటికి తీసుకుపోతారు. తెడ్లు లేకపోతే పడవను ఎవరూ ఎత్తుకుపోలేరు. వాళ్ల తాతలనాటి నుంచీ అదే అలవాటు.

మొగిలయ్య ఊరి వైపు పరుగు తీశాడు. గట్టయ్య ఆగలేదు. పడవను నీళ్లలోకి నెట్టి ఎక్కాడు. అంచు మీద బోర్లా పడుకొని, రెండు చేతులూ నీళ్లలో పెట్టి తోశాడు. పడవ అంగుళం అంగుళం కదిలింది. అతని తల నీళ్లకు తగులుతోంది. చొక్కా తడిసి వీపుకు అంటుకుంది. అతను ఏదో అరుస్తున్నాడు. అది మాటలా లేదు.

“అమ్మా, నాయిన గట్ల చేస్తాండేంది?” కళావతి అమ్మ చెయ్యి పట్టుకుంది.

సమ్మమ్మ కొంగు నోట్లో కుక్కుకొని ఉంది. కొంగు తీసి మాట్లాడింది.

“పోయినేడు గూడ గంతే బిడ్డా. పడవ గీడ్నే ఉండె. తెడ్లు ఇండ్లల్ల ఉండె. మీ నాయిన గట్లనే చేతులతోటి తోసిండు. నీ అన్న చెయ్యి పైకి లేస్తాంటె చూసుకుంటనే తోసిండు. అందలే.”

కళావతికి మిగతా చప్పుళ్లన్నీ దూరమైపోయాయి. గడ్డివాములోని పట్టె ఒక్కటే కళ్ల ముందు కనబడింది.

మొగిలయ్య తెడ్లతో వచ్చి, నీళ్లలో దూకి ఈదుకుంటూ గట్టయ్య పడవ అందుకున్నాడు. ఇద్దరూ చెరొక తెడ్డు వేశారు. మత్తడి రాళ్లు ఇంకా కొంచెం దూరం ఉండగానే సారు తాడు విసిరాడు. గట్టయ్య దాన్ని పట్టుకున్నాడు. తాడు ఒరుసుకొని అరచెయ్యి ఎర్రగా కోసుకుపోయినా, సారు పడవను ఒడ్డుకు లాగేదాకా వదల్లేదు.

శారద ఒడ్డుకు రాగానే వాళ్లమ్మ ఆమెను గట్టిగా వాటేసుకొని, ఆ వెంటనే వీపు మీద ఒకటి వేసి, మళ్లీ వాటేసుకుంది.

భయం తగ్గాక జనానికి కోపం వచ్చింది.

“ఒక్క తెడ్డు ఇచ్చి పంపుతవా గట్టయ్యా? బుద్ధున్నదా?”

“వారం సందుల రెండోది చెయ్యరాకపాయెనా?”

“తప్పు నాది,” అన్నాడు సారు.  “ఆగమని చెప్పాడు. నేనే వినలేదు.”

“లే సారూ,” అన్నాడు గట్టయ్య. “కట్టె నేనే పోగొట్టుకున్న. జాగ్రత్తగ పెట్టుకోవాల్సింది.”

అతను తల వంచుకొని నిలబడ్డాడు. చొక్కా అంచు నుంచి నీళ్లు కారుతున్నాయి. ఎవరేమన్నా పడుతున్నాడు.

కళావతి అమ్మ చెయ్యి వదిలింది. జనం మధ్యలోకి నడిచింది. 

“నాయిన పోగొట్టలే. నేనే దాచిన. గడ్డివాముల ఉన్నది. అడిగితె లేదని అబద్ధం చెప్పిన.”

అందరూ ఆమెనే చూశారు. శారద కూడా చూసింది.

గట్టయ్య కొడతాడేమో అనుకుంది. కొట్టలేదు.

“ఎందుకు బిడ్డా?” అన్నాడు మెల్లగా.

“అన్న మంచం కోస్తాంటివి. నువ్వు అన్నను మర్చిపోయినవ్ అనుకున్న.”

గట్టయ్య గట్టు రాళ్ల మీద కూర్చుండిపోయాడు. కోసుకుపోయిన అరచేతిని చూసుకుంటూ, తనలో తాను చెప్పుకుంటున్నట్టు అన్నాడు.

“ఎట్ల మర్చిపోత బిడ్డా… డ్యూటీకెళ్లి వచ్చి తలుపు తీస్తె గా మంచమే కనపడ్తది. ఎవలు పండరు. ఎవలు లేవరు. ఊకె ఉన్న కట్టె. నీళ్ల మీద ఉంటె, ఇంకెవల కొడుకునన్న ఒడ్డుకు తెస్తదేమో అనుకున్న.”

జనం ఒక్కొక్కరే గట్టు దిగి వెళ్లిపోయారు.

*

ఇంటికి రాగానే కళావతి గడ్డివాము దగ్గరికి వెళ్లి పట్టెను బయటికి లాగింది. ఎవరినీ సాయం పిలవలేదు. వాకిట్లో రెండు రాళ్ల మీద పెట్టి, దానికి అంటిన గడ్డి పరకలు ఏరేసింది.

నాయనమ్మ సాయంత్రం దీపం పెట్టుకుంటోంది. కళావతి వెళ్లి పక్కన కూర్చుంది.

“నాయినమ్మా, నువ్వు రోజు దేవునికి మొక్కుతవు కదా. మరి అన్న మునిగిన రోజు దేవుడు తెడ్లు ఎందుకు పంపలేదు?”

నాయనమ్మ వత్తిని సరిచేసింది. 

“నాకు తెల్వది బిడ్డా. నేను గూడ రోజు గదే అడుగుతాన.”

“మరి ఎందుకు మొక్కుతవు?”

“అడగాల్నంటె ఆయన ముంగట కూసోవాలె కదా,” అంది నాయనమ్మ. కళావతి తలను తన ఒడిలోకి లాక్కుంది.

మర్నాడు బడిలో శారద వేరే బెంచీలో కూర్చుంది. కళావతి ఆమె దగ్గరికి వెళ్లి, “నాది తప్పయిందే,” అంది. శారద ముఖం తిప్పుకుంది.

“నేను మత్తడిల పడుదును. తెలుసా?”

“తెలుసు.”

“నాతోని మాట్లాడకు.”

కళావతి తన చోటుకు వచ్చి కూర్చుంది. పక్కన ఖాళీ ఉంది. ఆ వారమంతా ఆ ఖాళీ అలాగే ఉంది.

రోజూ మధ్యాహ్నం అన్నానికి వచ్చినప్పుడు ఆమె త్వరగా తినేసి, పిలవకుండానే వెళ్లి పట్టె కొస పట్టుకునేది. గట్టయ్య బాడిసె వేసేవాడు.  రెండో రోజు రంద పడుతూ పడుతూ గట్టయ్య ఆగాడు.

“సారంగం గురక పెట్టేటోడు, యాదికున్నదా?” అన్నాడు.

ఆ పేరు నాన్న నోట వినడం ఏడాదిలో అదే మొదటిసారి.

“కాజీపేట ఇంజన్ లెక్క,” అంది కళావతి.

“నేను పట్టాల మీద పని చేసి వస్తె, ఇంట్ల గూడ రైలే.”

గట్టయ్య నవ్వబోయాడు. నవ్వు మధ్యలోనే విరిగింది. రందను కింద పెట్టి, తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు కదిలాయి. కళావతి కొసను వదలకుండా అలాగే పట్టుకొని నిలబడింది. కాసేపటికి అతను ముఖం తుడుచుకొని, మళ్లీ రంద అందుకున్నాడు.

రెండో తెడ్డు తయారయ్యాక ఇద్దరూ కలిసి దాన్ని సారుకు ఇచ్చి వచ్చారు. సారు రెండు తెడ్లనూ పడవ లోపల తోలు పట్టీలతో కట్టాడు. తెడ్లు లేకుండా పడవ తాడు విప్పేది లేదని పిల్లలందరి ముందూ చెప్పాడు.

ఆ రోజు ఇంటికి వచ్చాక గట్టయ్య మిగిలిన కట్టెను అటక ఎక్కించబోయాడు.

“నాయినా, ఆగు,” అంది కళావతి. తలవైపు, కాళ్లవైపు ఉండే రెండు పొట్టి పట్టెలను తీసుకొచ్చి రాళ్ల మీద పెట్టింది. “వీటితోని చిన్న తెడ్లు అయితయా?”

“ఎవలకు?”

“ఎవలకైన. ఒడ్డున ఉంచనీకి.”

గట్టయ్య కూతురిని చూశాడు. తర్వాత పట్టెలను చూశాడు. అవి కూడా చెక్కితే మంచమన్నది ఇక ఉండదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

“నువ్వే గీత గియ్యి,” అని సుద్దముక్క ఆమె చేతికిచ్చాడు.

ఆ చిన్న తెడ్లు అంత అందంగా రాలేదు. ఒకటి కొంచెం లావు, ఒకటి కొంచెం సన్నం. ఒకదానికి కళావతి ఒక్కతే సాండ్ పేపరు పట్టింది. ఆదివారం సాయంత్రం ఆమె వాటిని పట్టుకొని చెరువు దగ్గరికి వెళ్లింది. వెనకాల గట్టయ్య కూడా వెళ్లాడు.

మొగిలయ్య వల దులిపి, తెడ్లు భుజాన వేసుకొని ఇంటికి బయలుదేరుతున్నాడు.

“మొగిలి కాకా, ఇవి నీ పడవల పెడ్త. రాత్రి గూడ గీడ్నే ఉండాలె.”

“అయ్యో బిడ్డా, తెడ్లు ఇడ్సిపెడ్తె దొంగలు పడవ ఎత్కపోతరు.”

“పడవ పోతె ఇంకోటి చేసుకోవచ్చు కాకా.”

మొగిలయ్య పక్కకు జరిగి దారి ఇచ్చాడు. గట్టయ్య చెరువు వైపు తిరిగి నిలబడ్డాడు.

కళావతి నీళ్లలోకి దిగింది. ఏడాది తర్వాత ఆమె పాదాలకు ఆ చెరువు నీళ్లు తగలడం అదే. చల్లగా ఉన్నాయి. మోకాళ్ల దాకా నడిచి, పడవ అంచు పట్టుకొని, ఒక తెడ్డును అటు, ఒక తెడ్డును ఇటు పడవలో పెట్టింది. తొందరలో ఎవరు వచ్చినా చేతికి దొరికేలా పిడులను ఒడ్డు వైపు తిప్పింది.